పెట్టెలో 137 రోజులు

2021 జులై 25, ఆదివారం. ఏలూరు సర్ సి.ఆర్.రెడ్డి ఇంజినీరింగ్ కళాశాలలో స్ట్రాంగ్‌రూమ్ సీళ్లు తీసి బ్యాలెట్ పెట్టెలను ఒక్కొక్కటిగా బల్లల మీదికి చేర్చారు. లోపలున్నవి మార్చి 10న వేసిన ఓట్లు. వేసిన చేతులకు సిరా గుర్తు ఎప్పుడో చెరిగిపోయింది. నడుమ కొవిడ్ రెండో ఉద్ధృతి ఊరిని ఊపేసి వెళ్లింది. నగరం తీర్పు మాత్రం 137 రోజులు మడత విప్పకుండా అలాగే ఉంది.

ఆ మడత గురించి కాస్త చెప్పుకోవాలి. 2021 పురపాలక ఎన్నికల్లో ఈవీఎంలు లేవు, కాగితం బ్యాలెట్లే. సిబ్బంది ఓటరు చేతికి కాగితాన్నీ, రబ్బరు ముద్రనూ ఇస్తారు. అట్టపెట్టె చాటుకు వెళ్లి, నచ్చిన గుర్తు మీద స్వస్తిక్ ముద్ర వేసి, కాగితాన్ని మడిచి బయటికి తేవాలి. మడవడంలోనే ఉంది చిక్కంతా. సిరా ఆరకముందే మడిస్తే ముద్ర అవతలి గుర్తుకు అంటుకుంటుంది. అందుకే ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవమని సిబ్బంది చెబుతుంటారు. ఆ ముద్ర అలా స్వస్తిక్ ఆకారంలో ఉండడానికీ కారణం ఉంది. దాని కొమ్ములన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. మడతలో పడి అంటుకున్న మచ్చలో అవి అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. లెక్కపెట్టేవాళ్లు ఏది ఓటరు వేసిన ముద్రో, ఏది అంటిన మరకో చూడగానే పోల్చుకుంటారు. ఓటరు చెయ్యి వణికినా, తొందరపడినా ఆ ఓటు మురిగిపోకూడదని ఎవరో ఎన్నడో చేసిన ఆలోచన అది. లెక్కింపు హాలులో కట్టలు కట్టే బల్లల దగ్గర రోజంతా ఆ కొమ్ముల వైపే చూస్తారు.

ఓటరు చేతిలోని కాగితం విషయంలో ఇంత జాగ్రత్త పడిన వ్యవస్థ, ఆ కాగితం చేతికి రావడానికి ముందూ పెట్టెలో పడిన తర్వాతా జరగాల్సిన వాటిలో అంత జాగ్రత్త చూపలేదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ఊళ్లలో పదేళ్లుగా నడిచిన కథ అదే.

ఏలూరు కథ 2020 మార్చిలోనే మొదలైంది. రాష్ట్ర ఎన్నికల సంఘం షెడ్యూలు ఇచ్చింది, అభ్యర్థులు నామినేషన్లు వేశారు, పరిశీలనా అయిపోయింది. మార్చి 15న కొవిడ్ కారణంగా ఎన్నికలు వాయిదా వేస్తున్నట్టు అప్పటి కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ ప్రకటించారు. ఆ తర్వాత కమిషనర్ పదవీకాలంపై ఆర్డినెన్సు, కొత్త కమిషనర్, హైకోర్టు తీర్పు, మళ్లీ పాత కమిషనరే రావడం, ఇవన్నీ రాష్ట్రమంతా చూసిందే. 2021 ఫిబ్రవరిలో ప్రక్రియ మళ్లీ మొదలైనప్పుడు కొత్త నామినేషన్లు తీసుకోలేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే, అంటే ఉపసంహరణ దశ నుంచి అందుకున్నారు. 2020 వేసవికి ముందు ధరావతు కట్టిన మనిషి 2021 మార్చి దాకా అభ్యర్థిగానే ఉండిపోయాడు. గెలవకపోయినా, ఓడకపోయినా, ఏడాది పాటు డివిజన్‌లో ఎవరింట పెళ్లయినా చావయినా వెళ్లి నిలబడాల్సిందే. కార్పొరేటర్‌గా పోటీ చేయడమంటే ఎంత ఓపిక కావాలో ఆ ఏడాది పోటీ చేసినవాళ్లను అడగాలి.

ఇక జాబితా. పట్టణ ఎన్నికలకంటూ వేరే ఓటర్ల జాబితా ఉండదు. అసెంబ్లీ జాబితానే తీసుకుని, ఇంటి నంబర్ల ప్రకారం ఏ ఓటరు ఏ డివిజన్ కిందికి వస్తారో పురపాలక సిబ్బంది విడగొడతారు. అసెంబ్లీ ఓటు విషయంలో వీధి అటూ ఇటూ అయినా పెద్ద నష్టం లేదు, నియోజకవర్గం ఒకటే. డివిజన్ల విషయంలో మాత్రం వీధి దాటితే ఊరు మారినట్టే. భార్య పేరు ఒక డివిజన్‌లో, భర్త పేరు పక్క డివిజన్‌లో పడవచ్చు. వెయ్యి రెండు వేల ఓట్లతో తేలే పోటీలో నాలుగు వీధులు జరిగితే ఫలితం జరిగినట్టే. ఏలూరు జాబితాలో తప్పులున్నాయనీ, వాటిని సరిచేయకుండానే పోలింగుకు వెళుతున్నారనీ కొందరు హైకోర్టుకు వెళ్లారు. మార్చి 8న సింగిల్ జడ్జి ఎన్నికను నిలిపివేశారు. మర్నాడు డివిజన్ బెంచి పోలింగు జరుపుకోవచ్చు గానీ లెక్కింపు వద్దంది. 10న, బుధవారం, ఉదయం ఏడింటికి పోలింగు మొదలైంది. రెండు రోజుల్లో ఉంది, లేదు, ఉంది అని మూడు మాటలు విన్న నగరం అయినా వెళ్లి ఓటేసింది.

ఆ ఓటు వెనక మూడు నెలల నాటి భయం ఉంది. 2020 డిసెంబరు 5 నుంచి ఏలూరు వన్‌టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. నడుస్తున్నవాళ్లు, వంట చేస్తున్నవాళ్లు, ఆడుకుంటున్న పిల్లలు. కొద్ది రోజుల్లోనే బాధితులు ఆరు వందలు దాటారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు. అప్పటి వైద్య ఆరోగ్య మంత్రి ఆళ్ల నాని సొంత నియోజకవర్గమే ఇది. అన్ని పరీక్షలు జరిగినా ఆ వారం ఇంటింటా ఒక్కటే ప్రశ్న: ఈ నీళ్లు తాగొచ్చా? రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాలకు చెప్పిన 18 పనుల్లో తాగునీటి సరఫరా ఒకటి, పారిశుద్ధ్యం ఒకటి. ఎవరి నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారో ఎమ్మెల్యేని అడగరు, ఎంపీని అసలే అడగరు. ఆ ప్రశ్న వెళ్లేది వీధి చివర ఉండే కార్పొరేటర్ గుమ్మానికే. 2020 డిసెంబరులో ఏలూరులో ఆ గుమ్మం లేదు. పాత పాలకమండలి గడువు 2019 జులైలోనే తీరిపోయింది. నగరం అధికారుల చేతిలో ఉంది. అధికారులు ఆ రోజుల్లో పని చేయలేదని అనడానికి లేదు, ఆసుపత్రిలో పడకలు వేసి రాత్రింబవళ్లు ఉన్నారు. కానీ బదిలీ అయి వెళ్లిపోయే మనిషిని నిలదీయడం వేరు, రేపు మళ్లీ ఓటు అడగడానికి వచ్చే మనిషిని నిలదీయడం వేరు.

మార్చి 14న రాష్ట్రమంతా పెట్టెలు తెరిచారు. పదకొండు కార్పొరేషన్లలోనూ వైకాపా గెలిచింది, పురపాలక, నగర పంచాయతీలు 75లో ఒక్క తాడిపత్రి తప్ప అన్నీ ఆ పార్టీకే వచ్చాయి. పన్నెండోదైన ఏలూరులో పెట్టెలు మాత్రం తాళం వెనకే ఉండిపోయాయి. మే 7న హైకోర్టు లెక్కింపునకు అనుమతి ఇచ్చే నాటికి ఊళ్లో ఆక్సిజన్ కోసం పరుగులు. ఎట్టకేలకు జులైలో లెక్కిస్తే, 50 డివిజన్లలో వైకాపాకు 47, తెదేపాకు 3 వచ్చాయి. ఆ 47లో మూడు పోటీ లేకుండానే అయినవి.

ఫలితాల కాగితం మీద అంకెలు అంతే. కానీ గెలిచినవాళ్లలో ఇద్దరు ఆ విజయం వినడానికి లేరు. ఓటు పడిన రోజుకీ, లెక్క పెట్టిన రోజుకీ మధ్య కన్నుమూశారు. 45, 46 డివిజన్లకు ఆ నవంబరులో మళ్లీ ఎన్నిక జరిపారు. ఆ రెండు డివిజన్ల ఓటర్లు ఒకే ఏడాదిలో రెండుసార్లు వేలు చాపి సిరా గుర్తు వేయించుకున్నారు. ఆలస్యానికి ఖరీదు ఎంత అంటే లెక్కల్లో చెప్పలేం గానీ, ఆ ఇళ్ల ముందు ఎవరూ కాల్చని బాణాసంచా ఒక కొలత.

జులై 30న షేక్ నూర్జహాన్ మేయరయ్యారు. ఆమెకు అది రెండోసారి. 2014లో తెదేపా తరఫున మేయర్‌గా కూర్చున్నారు, 2021లో వైకాపా తరఫున. 2024 ఆగస్టులో తిరిగి తెదేపాలో చేరారు. ఒక నగరం, ఒకే మేయరు, మధ్యలో మారింది కండువా. ఎమ్మెల్యేలకూ ఎంపీలకూ వర్తించే ఫిరాయింపుల నిషేధం, అంటే రాజ్యాంగం పదో షెడ్యూలు, కార్పొరేటర్ల దాకా రాదు. మేయర్ ఎన్నికలో పార్టీ విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుందని మాత్రం రాష్ట్ర చట్టం చెబుతుంది. ఓటరుకు ఇందులో చెయ్యగలిగింది ఏమైనా ఉందా అంటే ఉంది: పార్టీ గుర్తును చూసి ఓటేసినా, రోడ్డూ నీళ్లూ అడగాల్సింది మనిషినే అని గుర్తుంచుకోవడం. ఏలూరులో చాలామంది ఇప్పటికే అలాగే అడుగుతున్నారు.

పోటీలోకి దిగే మనిషి వైపు నుంచి చూస్తే ఎన్నిక మరోలా కనిపిస్తుంది. చట్టం అడిగేది పెద్దగా ఏమీ లేదు. 21 ఏళ్లు నిండాలి, ఆ పట్టణంలో ఓటరై ఉండాలి, పేరు ప్రతిపాదించేవాళ్లు ఉండాలి, ధరావతు కట్టాలి. అసలు పరీక్ష అంతకుముందే జరుగుతుంది. రిజర్వేషన్ల జాబితా వచ్చిన రోజు ప్రతి డివిజన్‌లో కొందరికి దారి మూసుకుంటుంది, కొందరికి తెరుచుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో సగం స్థానాలు మహిళలవి. ‘రిజర్వేషన్ కలిసొచ్చింది’ అన్న మాట వినగానే, కలిసొచ్చింది భర్తకు అన్నట్టే చాలాచోట్ల మాట్లాడతారు. ఇది సరిదిద్దుకోవాల్సిన అలవాటు. సమావేశంలో చెయ్యెత్తేది ఆమె, తీర్మానం మీద సంతకం ఆమెది, కుళాయి రాకపోతే బిందె పట్టుకుని వీధిలో నిలబడేదీ ఎక్కువగా ఆడవాళ్లే. ఫోను కూడా ఆమె నంబరుకే చెయ్యాలి.

తర్వాత బి-ఫారం. నామినేషన్ వేసినవాళ్లలో పార్టీ ఎవరిని తన అభ్యర్థిగా గుర్తిస్తుందో తేల్చే కాగితం. గడువు ముగిసే మధ్యాహ్నం దాకా అది ఎవరి జేబులో ఉందో తెలియక ఎన్ని ఇళ్లలో అన్నం ముద్ద దిగదో చెప్పలేం. అది దక్కనివాళ్లు కొందరు రెబల్‌గా నిలబడతారు, కొందరు పెద్దల మాటకు విత్‌డ్రా అవుతారు. డివిజన్ ఎన్నికలో ఓటరు ముఖం తెలుసు, బంధుత్వం తెలుసు, అప్పు తెలుసు. ‘అన్నయ్యగారూ, ఈసారికి మాకే’ అని అడిగినప్పుడు కాదనలేని మొహమాటం, తీరా బూత్‌లో అట్టపెట్టె చాటున ఉండే స్వేచ్ఛ, రెండూ ఒకే మనిషివి. రహస్య ఓటు విలువ అసెంబ్లీ ఎన్నికల కంటే ఇక్కడే ఎక్కువ అని చెప్పాలి. ఎదురింటివాడికే ఓటు వేయలేదన్న సంగతి ఎదురింటికి తెలియకుండా కాపాడేది ఆ మడతే.

మరో గేటు ముప్పై ఏళ్లు మూసి ఉంది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన 1990ల మధ్య నుంచి అమల్లో ఉండేది. జనాభా తగ్గించడానికి పెట్టిన నిబంధనను, జనన రేటు మరీ పడిపోతోందన్న కారణంతో 2024 నవంబరులో శాసనసభ తీసేసింది. ఎమ్మెల్యేకి లేని షరతు వార్డు మెంబరుకు ఎందుకన్న ప్రశ్నకు ఇన్నేళ్లలో ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. ఆ నిబంధన వల్ల పోటీకి దూరమైనవాళ్లలో ఎక్కువమంది పేదలే.

ఏలూరు నుంచి తూర్పుగా యాభై కిలోమీటర్లు వెళితే తాడేపల్లిగూడెం. 2011 లెక్కల్లోనే లక్ష దాటిన పట్టణం. ఉల్లి మార్కెట్‌కు లోడు లారీలు వస్తుంటాయి, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఇంకా ఊళ్లోనే ఉంది, నిట్ వచ్చింది, చుట్టూ కాలనీలు పెరిగాయి. ఇక్కడ ఆఖరిసారి కౌన్సిలర్లను ఎన్నుకున్నది 2014 మార్చి 30న. 2019 జులైలో ఆ కౌన్సిలు గడువు తీరింది. 2021 మార్చిలో పక్క పట్టణాలైన నిడదవోలు, కొవ్వూరు, నరసాపురం ఓటేశాయి. తాడేపల్లిగూడెం, తణుకు, భీమవరం, పాలకొల్లు వేయలేదు. కారణం, చుట్టుపక్కల గ్రామాలను పట్టణాల్లో కలపడం, దాని మీద కోర్టు కేసులు, హద్దులు తేలక ఎన్నికలు ఆగడం. హద్దు గొడవ నిజమైనదే. పంచాయతీగా ఉంటే పన్ను తక్కువ, ఉపాధి హామీ పని ఉంటుంది, మన సర్పంచి మనకుంటాడు. ఇవి వదులుకుని పట్టణంలో కలవమంటే ఊళ్లు అడ్డం తిరగడంలో వింత లేదు. అయితే ఆ గొడవ తేలేదాకా లక్షమంది పాత పట్టణవాసుల ఓటు కూడా ఆగాలా అన్నది వేరే విషయం.

రాజ్యాంగంలో దీనికి జవాబుంది. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 243యు అధికరణ ప్రకారం పురపాలక మండలి కాలం అయిదేళ్లు, అంతకు మించదు. గడువు ముగియకముందే కొత్త ఎన్నిక పూర్తికావాలి. వార్డుల విభజన, జాబితాల సవరణ వంటివి సాకులు కాకూడదని అహ్మదాబాద్ నగరపాలక సంస్థ కేసులో 2006లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. అయినా బెంగళూరు మహానగరానికి 2020 సెప్టెంబరులో కౌన్సిలు గడువు తీరాక ఏళ్లు గడిచిపోయాయి. ముంబయి 2022 మార్చి నుంచి దాదాపు నాలుగేళ్లు కార్పొరేటర్లు లేకుండానే ఉండిపోయింది. తాడేపల్లిగూడెం బాధ ఆ ఒక్క ఊరిదే కాదు, అందుకని అది చిన్నదీ కాదు.

ఒక్క లెక్క చూడండి. 1997లో పుట్టిన గూడెం అమ్మాయికి 2014 మార్చి నాటికి ఓటు హక్కు రాలేదు. 2019లో, 2024లో అసెంబ్లీకీ, లోక్‌సభకూ ఓటేసింది. ప్రధానిని నిర్ణయించే ఎన్నికలో రెండుసార్లు భాగం పంచుకుంది. తన వీధి కాలువ శుభ్రం చేయించే కౌన్సిలర్‌ను ఎన్నుకునే అవకాశం ఆ పదేళ్లలో ఒక్కసారీ రాలేదు. 21 నిండింది 2018లో. ఓటరుగానే కాదు, అభ్యర్థిగా నిలబడే దారి కూడా ఆమెకు మూసే ఉంది. రాజకీయం నేర్చుకునే తొలి బడి వార్డే. 2014లో గూడెం మున్సిపల్ ఛైర్మన్ అయిన బొలిశెట్టి శ్రీనివాస్ పదేళ్ల తర్వాత, 2024లో జనసేన తరఫున అక్కడి ఎమ్మెల్యే అయ్యారు. ఆ మెట్టు 2019 నుంచి ఊళ్లో లేదు. దాన్ని ఎక్కాల్సిన తరం ఒకటి కిందనే నిలబడి ఉంది.

ఇక కొల్లేరు. ఏలూరు వీధుల్లోంచి వచ్చే మురుగు తమ్మిలేరులో కలిసి చివరికి చేరేది అక్కడికే. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన సరస్సు అది. నగరంలో మురుగు శుద్ధి జరగకపోతే ఆ నీళ్లలో వల వేసేది, ఆ ఒడ్డునే బతికేది లంక గ్రామాలవాళ్లు. వాళ్లకు ఏలూరు కార్పొరేషన్‌లో ఓటు లేదు. మురుగు హద్దులు దాటుతుంది, ఓటు దాటదు. నగరంలో ఏ అభ్యర్థీ ప్రచారంలో ‘మన కాలువ కింద ఊళ్లు కూడా ఉన్నాయి’ అనడు. అనాలి. కొల్లేరు చేప ఏలూరు బజారుకే వస్తుంది.

లంక ఊళ్లలో ఎన్నిక తీరు మరొకటి. కట్టుబాటు గట్టిగా ఉండే ఊళ్లివి. పెద్దలు గుడి దగ్గర కూర్చుని సర్పంచి ఎవరో తేల్చేస్తే ఊరంతా ఒప్పుకోవడం ఇక్కడ కొత్త కాదు. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ప్రభుత్వం ఏకగ్రీవానికి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. తగాదాలు లేకుండా ఊరు ఒక్కటిగా ఉండడం మంచిదే. ఆ ఒక్క మాటలో ఊళ్లో ఆడవాళ్ల మాట ఎంత, చెరువులో వాటా లేని కూలివాడి మాట ఎంత అన్నది మాత్రం బ్యాలెట్ పెట్టె తెరిస్తేనే తెలుస్తుంది. పక్కనే ఆకివీడు అందుకు మంచి ఉదాహరణ. చేపలూ రొయ్యల వ్యాపారంతో పెరిగిన ఊరు. పంచాయతీ నుంచి నగర పంచాయతీగా మారి, 2021 నవంబరు 15న తొలిసారి వార్డు సభ్యులను ఎన్నుకుంది. 20 వార్డుల్లో వైకాపాకు 12, తెదేపాకు 4, జనసేనకు 3, స్వతంత్రునికి ఒకటి. రాష్ట్రమంతా ఒకే రంగు కనిపించిన ఏడాదిలో ఆకివీడు కౌన్సిల్ హాలులో నాలుగు గొంతులు వినిపించాయి. ఒక్క గొంతున్న సభకూ, నాలుగు గొంతులున్న సభకూ తేడా బిల్లుల మీద చర్చ వచ్చిన రోజున తెలుస్తుంది.

ఏలూరు పాలకమండలికి అయిదేళ్లు 2026 జులైతో నిండుతాయి. ఏలూరులో మళ్లీ ఎన్నికలంటే మొదట వచ్చేది మళ్లీ ఆ జాబితానే. చుట్టూ ఏడు పంచాయతీలు కలిశాక నగరం పెద్దదైంది, డివిజన్ల గీతలు కొత్తగా గీయాల్సిన చోట తప్పులకు చోటు కూడా ఎక్కువే. డివిజన్ల వారీ ముసాయిదా జాబితాను నోటీసు బోర్డు మీద పెట్టి అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువిస్తారు. ఆ రోజుల్లో వార్డు సచివాలయం దగ్గర జనం పలచగా ఉంటారు, పోలింగు రోజు వరసతో పోలిస్తే ఎవరూ లేనట్టే. ఒకావిడ కూరగాయల సంచి కింద పెట్టి, కళ్లజోడు సర్దుకుని, ఇంటి నంబరు దగ్గర వేలు పెట్టి కిందికి జరుపుతూ పోతుంది. అత్తగారి పేరు ఉంది. ఆయన పేరు ఉంది. తన పేరు ఆ పేజీలో లేదు. సంచి అక్కడే వదిలి పక్క డివిజన్ కాగితాల కోసం లోపలికి నడుస్తుంది.